మూడు దేవదారులు

జూన్ రెండో వారంలో బోస్టన్ నుంచి కారు తోలుకుంటూ వచ్చిన ఆగస్టా వెలింగ్, పెట్టెలైనా దించకుండా నేరుగా ముందు వరండాలోకి వెళ్లి నిలబడింది. నలభై ఒక్క వేసవులుగా ఈ ఇంటికి రాగానే ఆమె చేసే మొదటి పని అదే. కింద వాలంతా బ్లూబెర్రీ తుప్పలు, తుప్పలు దాటితే సముద్రపు పాయ, ఆటుకు నీళ్లు వెనక్కి పోయి బయటపడ్డ బురద మేటలు, ఆ బురద మీద తళతళలాడే ఎండ. చూడగానే ఆమె మనసులో "అబ్బ, ఈ ఏడు ఎంత చక్కగా ఉంది!" అనిపించింది.

ఎందుకు చక్కగా ఉందో తెలియడానికి ఇంకో నిమిషం పట్టింది. వాలు మధ్యలో ఉండాల్సిన పసుపు ఇల్లు లేదు. ఆ చోట నల్లగా మాడిన నేల, ఒక పక్కకి వంగిపోయిన పొయ్యి గొట్టం మిగిలాయి.

ఇల్లు కాలిందని ఆమెకు తెలియక కాదు. ఎల్డన్ కేట్స్ పోయాడనీ తెలుసు. అతని భార్య వర్నా ఫిబ్రవరిలోనే ఉత్తరం రాసింది. జనవరి మంచులో పొయ్యి గొట్టం అంటుకుని ఇల్లు బూడిదైందనీ, ఇద్దరూ కట్టుబట్టలతో బయటపడ్డారనీ, మూడు వారాలకి ఎల్డన్ గుండె ఆగిపోయిందనీ. చివర్లో, "నీ ఇంటి గురించి దిగులు పెట్టుకోకు, జూన్ నాటికి నేనే తెరిచి ఉంచుతాను" అని కూడా రాసింది. ఆ ఉత్తరం పట్టుకుని ఆగస్టా నిజంగానే ఏడ్చింది. అంత ఏడ్చిన మనిషికి, తీరా ఆ మసినేల ఎదురుగా నిలబడేసరికి ముందుగా వచ్చింది ఏడుపు కాదు, సంబరం. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ ఊళ్లో మనుషులు రెండు జాతులు. పన్నెండు నెలలూ ఉండి చలికి వణికేవాళ్లు ఊరోళ్లు. జూన్‌లో వచ్చి సెప్టెంబరులో చక్కా పోయేవాళ్లు వేసవోళ్లు. నలభై ఏళ్లు వచ్చినా, ఆఖరికి ఇక్కడి శ్మశానంలోనే మట్టి అయినా వేసవోళ్లు వేసవోళ్లే. "ఇన్నేళ్లయింది, నన్నింకా మీలో కలుపుకోరా ఎల్డన్?" అని ఒకసారి ఆగస్టా అడిగితే, "పిల్లి పొయ్యిలో ఈనిందని దాని పిల్లల్ని రొట్టెలంటామా, ప్రొఫెసర్?" అన్నాడు. ఆమె ఏ కాలేజీలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. గొడుగూ బొమ్మలేసే ముక్కాలి బల్లా వేసుకుని గంటల తరబడి ఒకే వైపు చూస్తూ కూచునే మనిషిని ఇంకేమనాలో తెలియక అతను పెట్టిన పేరు అది.

ఎల్డన్ ఆటు వేళల్లో బురదలో గుల్లలు తవ్వేవాడు, పోటు వేళల్లో వేసవోళ్ల ఇళ్లు చూసేవాడు. ఆగస్టాకి ఆమె మేనత్త రాసిచ్చిన ఈ ఇంటిని మేలో తెరిచి పంపు నడిపించడం, అక్టోబరులో గొట్టాలు గడ్డకట్టకుండా వాటిలో నీళ్లు తీసేసి కిటికీలకు పలకలు కొట్టడం అతని పని. సెప్టెంబరు వస్తే ఇంకో పని ఉండేది. ఆ వేసవిలో ఆగస్టా వేసిన బొమ్మలన్నీ ఒక్కొక్కటే పాత దుప్పట్లలో చుట్టి, తన ట్రక్కులో పేర్చి, మూడు గంటల దూరంలో ఉన్న గ్యాలరీకి చేర్చేవాడు. గుడ్లబుట్ట మోసినట్టు మోసేవాడు. ఒక్కదానికీ గీత పడలేదు.

ఆ బొమ్మలే ఆగస్టాకి తిండీ పేరూ తెచ్చిపెట్టాయి. వాటన్నిట్లోనూ ఇదే వాలు, ఇదే పాయ. ఒక బొమ్మలో తుప్పలు ఎర్రబారి ఉంటాయి, ఒకదాంట్లో పొగమంచు నీళ్ల మీంచి పాకుతుంటుంది. "నాకు కళ్లిచ్చింది ఆ ఇంటి వరండా" అని ఆమె ఎవరడిగినా చెప్పేది. ప్రతి బొమ్మలోనూ వాలు మధ్యన మూడు దేవదారులు ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టు నిలబడి ఉంటాయి. గ్యాలరీ వాళ్లు ఆమెని మూడు దేవదారుల ఆగస్టా అనేవాళ్లు. జనం ఆ చెట్ల కోసమే కొనేవాళ్లు.

ఆ చెట్లు ఎప్పుడూ లేవు. అక్కడ ఉన్నది ఎల్డన్ ఇల్లు.

మొదటి వేసవిలో అది ఇల్లు కూడా కాదు, చక్రాలు ఊడిన ట్రెయిలరుకి నల్ల తారుకాగితం చుట్టిన కొంప. దాన్ని వదిలేసి వాలుని ఖాళీగా వేయడం ఆగస్టాకి పెద్ద కష్టం కాలేదు. రెండో వేసవికి వచ్చేసరికి దానికి ఎవరో పచ్చి పసుపు రంగు కొట్టారు. రోడ్డు మధ్యన గీతలు గీసే పసుపు! వరండాలో నిలబడి ఆమె తిట్టని తిట్టు లేదు. చూపు ఎటు తిప్పినా కంటిని కాలరు పట్టుకుని లాక్కుపోయేది ఆ పసుపు. ఇక వట్టినే వదిలేస్తే కుదరలేదు, ఆ చోట ఏదో ఒక బరువు కావలసి వచ్చింది. మూడు దేవదారులు పెట్టింది. బొమ్మ నిలబడింది. అప్పటినుంచి ముప్పైతొమ్మిదేళ్లూ అవే పెట్టింది. చివరికి ఆమె కన్ను ఎంత తర్ఫీదు అయిందంటే, వరండాలో కూచుని చూస్తుంటే పసుపు ఇల్లు కనపడడమే మానేసింది. ఇలాంటి చూపు కోసం చిత్రకారులు ఏళ్ల తరబడి కష్టపడతారు. వచ్చాక గొప్పలు కూడా చెప్పుకుంటారు.

వెనక తలుపు చప్పుడైంది. వర్నా లోపలికి వచ్చింది. ట్రక్కులో ఉండబట్టి కాలకుండా మిగిలిన ఎల్డన్ రబ్బరు బూట్లు వేసుకుంది, పాదాలకి పెద్దవై తపతపమంటున్నాయి.

"వచ్చేశావా, డియర్!" అంది. పోస్టుమాన్‌నీ డియరే అంటుంది, పక్కింటి కుక్కనీ డియరే అంటుంది. "పంపు నిన్ననే నడిపించా. మొదట రెండు బకెట్లు తుప్పు నీళ్లొస్తాయి, భయపడకు. ఎలకలు ఈసారి పరుపు జోలికి పోలేదు. నీ పాత టోపీ తినేశాయి."

ఆగస్టా ఆమెని కావిలించుకుంది. వర్నా భుజాలు ఎముకల గూడులా తగిలాయి.

"ఎక్కడుంటున్నావు?"

"టౌన్లో మా చెల్లెలింట్లో, మేడ మీద గది. కిటికీలోంచి పెట్రోలు బంకు కనపడుతుంది." వర్నా నవ్వింది. "బాగానే ఉంటుందిలే. రాత్రంతా దీపాలేస్తారు."

కాఫీ పెట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూచున్నారు. నలభై ఒక్క వేసవుల్లో ఇద్దరూ ఇలా ఎదురెదురుగా కూచున్నది చాలా తక్కువ. ఆగస్టా వాళ్లింటికి వెళ్లింది రెండే సార్లు, అదీ గుమ్మం దాకా. పగ లేదు, పొగరూ లేదు. వేసవోళ్లూ ఊరోళ్లూ ఒకరి వంటింట్లో ఒకరు కూచోరు, అంతే. వర్నా కప్పుని రెండు చేతుల మధ్య తిప్పింది.

"నిన్నొకటి అడుగుతా, కాదనకూడదు."

"అడుగు వర్నా."

"ఫొటోలన్నీ పోయాయి. పెళ్లిది కూడా. మనిషి మొహం నాకు గుర్తుంది, అది ఎక్కడికీ పోదు. ఇంటి మొహమే గుర్తుకి రావట్లా." ఆమె గొంతు తగ్గింది. "కళ్లు మూసుకుంటే లోపల గది గదీ తిరుగుతా. ఏ చెంచా ఎక్కడుందో చెప్తా. బయటినించి చూద్దామనుకుంటే మాత్రం రాదు. ఎవరిల్లు వాళ్లు బయటినించి ఎప్పుడు చూస్తారు చెప్పు? ఊళ్లో అందర్నీ అడిగా, ఎవరి దగ్గరైనా ఫొటో ఉందేమోనని. మా ఇంటినెవరు ఫొటో తీస్తారు డియర్, అందరూ ఒడ్డున ఆ లైట్‌హౌసుని తీస్తారు."

ఆగస్టాకి ఆ తరవాత వచ్చే మాట తెలిసిపోయింది. తెలిసినా ఆపలేకపోయింది.

"ఎల్డన్ చెప్పేవాడు, నీ బొమ్మలన్నిట్లో మేం ఉంటామని. చిన్నగా, పసుప్పచ్చగా. నేనెప్పుడూ చూళ్లేదు. నువ్వు ఆరక ముందు ఎవరికీ చూపించవు, ఆరితే దుప్పట్లో చుట్టేస్తారు, ఆ గ్యాలరీకేమో మాలాంటివాళ్లం ఏ మొహం పెట్టుకుని వెళ్తాం? ఇమ్మని అడగట్లా. వాటి ఖరీదు నాకు తెలుసు. ఒక్కటి చూపించు చాలు. కాస్సేపు చూసి వెళ్లిపోతా."

దొంగకి తేలు కుట్టినట్టయింది ఆగస్టాకి. అప్పుడే, ఆ బల్ల దగ్గరే, "లేదు వర్నా, నేనెప్పుడూ మీ ఇల్లు వెయ్యలేదు" అని ఉంటే ఎంత బాగుండేది! ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఉన్న మనిషి కప్పు దించేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, బడిపిల్లలా చూస్తోంది.

"ఉంటుంది. ఎందుకుండదు?" అంది ఆగస్టా. "వెతికి తీస్తాను. కొన్నాళ్లు ఆగు."

వర్నా ఆమె చెయ్యి నొక్కింది. వెళ్తూ వెళ్తూ సింకు కింద గొట్టం ఒకసారి తడిమి చూసి, "నీళ్లు కారట్లా" అని వెళ్లింది.

మర్నాటి నుంచి ఆగస్టా ఇంటి వెనక కొట్టాంలో వెతుకులాటలో పడింది. అమ్ముడుపోని బొమ్మలు, సగంలో ఆపినవి, గీతల పుస్తకాలు, చిత్తు కాగితాలు. ఏళ్ల వారీగా కట్టలు విప్పింది. మొదటి వేసవి పుస్తకంలో వాలు ఖాళీగా ఉంది. రెండోదాంట్లో దేవదారులు పుట్టాయి. అక్కడినుంచి ఎక్కడ తెరిచినా అవే. తొందరగా గీసిన పెన్సిలు ముక్కల్లో కూడా, ఎవరూ చూడని, ఎవరికీ అమ్మబోని కాగితాల్లో కూడా, చెట్లే. ఎక్కడైనా ఒక పసుపు చుక్క, ఒక కప్పు అంచు, పొయ్యి గొట్టంలోంచి ఇంత పొగ? నాలుగు రోజులు వెతికింది. నలభై వేసవుల మీద ఒక్కటీ దొరకలేదు.

నాలుగో రోజు సాయంత్రం ఖాళీ దుప్పట్ల కుప్ప పక్కన కూచుని ఉండగా ఆమెకి ఇంకో సంగతి తట్టింది. అన్ని బొమ్మలనీ చుట్టింది ఎల్డనే. అన్నిటినీ ఎదురుగా పెట్టుకుని, అంచులు సరిచూసి, దుప్పటి కప్పేవాడు. తన ఇల్లు ఎక్కడుండాలో అతనికి తెలీదా? ఒకసారి అతను ఒక బొమ్మని చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూశాడు. చూసి, "చెట్లు ఏపుగా పెరిగాయి, ప్రొఫెసర్" అన్నాడు. ఆమె మెచ్చుకోలు అనుకుని, "థాంక్యూ ఎల్డన్" అంది! అతను దుప్పటి చుట్టేసి ట్రక్కులో పెట్టాడు. ఇంటికి వెళ్లి భార్యకి ఇంకోటి చెప్పాడు.

ఆగస్టాకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెప్తే వర్నాకి ఇల్లూ దక్కదు, మొగుడి మాటా దక్కదు. చెప్పకపోతే చూపించడానికి ఏముంది?

గుర్తు మీద వేసి చూద్దామని కాగితం తీసింది. చెయ్యి కదలలేదు. కిటికీలు రెండా, మూడా? గుమ్మం పాయ వైపా, రోడ్డు వైపా? రెండు సార్లు వెళ్లిన గుమ్మమే, మెట్లు ఎన్నో తెలీదు. ఎనిమిది మైళ్ల అవతల మేఘం రంగు ఏ ఏడు ఎలా ఉందో చెప్పగలదు. ఎదురుగా నలభై ఏళ్లున్న ఇంటికి తలుపు ఎక్కడుందో చెప్పలేకపోయింది. ఇలాంటి కళ్లని ఏం చేసుకోవాలి?

సిగ్గు విడిచి ఊళ్లో దుకాణానికి వెళ్లింది. దుకాణం క్లైడ్‌ది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. పాలూ రొట్టే బల్ల మీద పెట్టి, మాటల మధ్యలో అడిగినట్టు అడిగింది.

"క్లైడ్, ఎల్డన్ వాళ్లింటికి ముందు వైపు కిటికీలు ఎన్నుండేవి?"

క్లైడ్ కళ్లజోడు మీంచి చూశాడు. "నలభయ్యేళ్లు దానికెదురుగా గొడుగేసుక్కూచున్నావు. నన్నడుగుతావేంటి?"

"సరిగ్గా గుర్తు లేదు."

"మూడు. రెండు పెద్దవి, ఒకటి పిసరంత. ఆ పిసరంతది వర్నా సింకు మీద. ఎల్డన్ పాత పడవలోంచి ఊడబెరికి తెచ్చి బిగించాడు." చిల్లర లెక్కపెడుతూ ఆగాడు. "గుమ్మం మీవైపే. మెట్లు నాలుగు, మూడోది వదులు. బట్టల తీగ కుడిపక్క. పొయ్యి గొట్టం ఎడమపక్క. ఇంకేం కావాలి?"

"చాలు."

"మీ వేసవోళ్లకి మేం కనబడాలంటే కాలిపోవాలి కాబోలు" అన్నాడు క్లైడ్. నవ్వుతూనే అన్నాడు. ఆగస్టా రొట్టె సంచి తీసుకుని, చిల్లర బల్ల మీదే వదిలేసి బయటికి నడిచింది.

అమ్మకుండా తనకోసం దాచుకున్న బొమ్మ ఒకటుంది, ఎనభై తొమ్మిదో సంవత్సరం ఆగస్టు నెలది. ఆమె వేసినవాటిలో అదే మేలైందని గ్యాలరీ వాళ్లు ఎన్నోసార్లు అడిగారు, ఇవ్వలేదు. దాన్ని తీసి బల్లకి ఆనించింది. కత్తితో మూడు దేవదారుల్ని గీకడం మొదలుపెట్టింది. ఆనాటి రంగు రాయిలా గట్టిపడి ఉంది. గీకి, రంగు కరిగించే మందు రాసి, తుడిచి, మళ్లీ గీకి, రెండు రోజులకి ఆ చోట ఉత్త గుడ్డ బయటపడింది. ఒక అబద్ధాన్ని చెరిపేసి ఇంకో అబద్ధానికి చోటు చేస్తున్నానని ఆమెకి తెలుసు. అయినా ఈసారిది మంచి అబద్ధం అనుకుంది. అందరూ అలాగే అనుకుంటారు.

ఇల్లు వేసింది. మూడు కిటికీలు, నాలుగు మెట్లు, మూడోది ఇంచుక వంకరగా. చివరికి పసుపు పెట్టింది, ఆ రోడ్డు గీతల పసుపే. పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది.

బొమ్మ ప్రాణం పోసుకుంది. ఆ పసుపు పక్కన పడేసరికి పాయ నీళ్లు ఎన్నడూ లేనంత నీలంగా తేలాయి. వాలు నిజమైన వాలులా దిగింది. దూరం దూరంలా కనపడింది. ముప్పైతొమ్మిదేళ్లు ఆ చెట్లతో తను మోసుకొచ్చింది ఏమిటో ఆమెకి అప్పుడు కనపడింది. చక్కగా ఆరిన, మనిషి అడుగు పడని పోస్టుకార్డు బొమ్మ. ఆగస్టా కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఎల్డన్ కోసం కొంత ఏడ్చింది, తన కోసమే ఎక్కువ ఏడ్చింది, అది కూడా ఆమెకి తెలుసు.

కళ్లు తుడుచుకున్నాక ఇంకోటి చేసింది. పసుపు పక్కన రవ్వంత తెలుపు ఉంటే ఇంకా పండుతుందని చిత్రకారుల చేతికి తెలుసు. క్లైడ్ చెప్పిన బట్టల తీగ గుర్తొచ్చింది. కుడిపక్క తీగ గీసి, గాలికి ఎగిరే నాలుగు దుప్పట్లూ, రెండు చొక్కాలూ ఆరేసింది. ముచ్చటగా కుదిరింది.

త్వరగా ఆరే నూనె కలిపినా పది రోజులు పట్టింది. పదకొండో రోజు ఆదివారం. చర్చి అయ్యాక వర్నా వచ్చింది. బూట్లు కాదు, మంచి చెప్పులు వేసుకుంది. జుట్టు దువ్వి పిన్నులు పెట్టుకుంది. ఎవరింటికో పెళ్లిచూపులకి వచ్చినట్టు గుమ్మంలో ఆగింది.

"దొరికిందా?"

"దొరికింది. రా, కూచో. ముట్టుకోకు, వార్నిష్ కొత్తగా పూశాను."

వర్నా కూచోలేదు. బొమ్మ ముందు నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తరవాత ఒక వేలు గాల్లోనే ఆడిస్తూ చెప్పుకుపోయింది.

"అదిగో నా చిన్న కిటికీ! పడవది. దానికి రబ్బరు ఊడిపోయి ఈగలొచ్చేవి... మెట్టు చూడు, మూడోది! ఇదెలా చూశావు డియర్, ఇంత దూరం నించి? 'రేపు బాగుచేస్తా, రేపు బాగుచేస్తా' అని చచ్చేదాకా చెయ్యలా. ఓరి నాయనా, ఇదీ మా ఇల్లు. ఇలా ఉండేదా! బాగుండేదే!" ఆమె బుగ్గల మీంచి కన్నీళ్లు కారి గౌను మీద పడుతున్నాయి, తుడుచుకోలేదు. "పసుపు చూడు. ఎంత దూరానికైనా తెలుస్తుందని నేనే పట్టుబట్టి కొట్టించా. మొదటేడు నువ్వొచ్చి గొడుగేసుక్కూచున్నావు కదా. మాదేమో నల్ల కాగితం కొంప. ఎల్డన్‌తో అన్నా, 'పాపం ఆవిడ అంత దూరం నించొచ్చి మన వైపు చూసి బొమ్మేస్తోంది, ఇలా ఏడిస్తే ఏం బాగుంటుంది, కాస్త కనపడే రంగెయ్యి' అని. రోడ్లోళ్ల దగ్గర మిగిలిన రంగు ఆరు డబ్బాలు తెచ్చాడు. మూడేళ్లకోసారి మళ్లీ కొట్టేవాడు, నువ్వొచ్చే ముందర."

ఆగస్టా కుర్చీ వీపు పట్టుకుంది.

వర్నా వేలు కుడిపక్కకి వచ్చి ఆగిపోయింది.

"ఇదేంటి?"

"ఏది?"

"బట్టలున్నాయే, తీగ మీద."

"ఉతికిన రోజేమో" అంది ఆగస్టా.

వర్నా ఇంకా దగ్గరికి వంగి చూసింది. వాసన పీల్చింది. గుల్లల బురదలో పుట్టి పెరిగిన ముక్కు, వార్నిష్‌కీ పచ్చి రంగుకీ తేడా తెలియని ముక్కు కాదు. నిటారుగా నిలబడి ఆగస్టా వైపు తిరిగింది.

"ఇది ఎప్పుడేశావు?"

"ఎనభై..." అని ఆగస్టా ఆగిపోయింది. ఇక చేతకాలేదు. "పది రోజుల కింద."

"మరి మిగతావాటిలో?"

"లేదు వర్నా."

"ఒక్కదాంట్లో కూడా?"

"ఒక్కదాంట్లో కూడా లేదు. ఆ చోట చెట్లు పెట్టేదాన్ని. మొదటినించీ."

వర్నా కూచుంది. మంచి గౌను కింద నలిగినా సర్దుకోలేదు. ఆగస్టా తిట్టు కోసం ఎదురు చూసింది. తిడితే తేలికయ్యేది.

"ప్రతి సెప్టెంబరూ ట్రక్కు దిగి వచ్చి చెప్పేవాడు" అంది వర్నా, ఎవరికో కాదు, బల్లకి చెప్తున్నట్టు. "'ఈ ఏడు కొంచెం పెద్దగా వేసింది, కిటికీలు కూడా తెలుస్తున్నాయి' అనేవాడు. 'పొయ్యి పొగ కూడా పెట్టింది' అనేవాడు ఒకేడు. నేను అడిగి అడిగి మళ్లీ చెప్పించుకునేదాన్ని."

"నన్ను క్షమించు వర్నా. బొమ్మ నీదే. తీసుకెళ్లు."

"వద్దులే డియర్. ఇక్కడే ఉండనీ." వర్నా లేచి చేతిసంచి తీసుకుంది. గుమ్మం దాకా వెళ్లి, ఆ గుమ్మంలోంచి కిందికి, మసినేల వైపు చూస్తూ ఆగింది. ఆమె గొంతులో కోపం లేదు. ఎంతకీ తెగని లెక్క ఏదో తెగినట్టు, మెల్లగా మాట్లాడింది.

"నీ గొడుగు విప్పడం నా సింకు కిటికీలోంచి కనపడేది. కనపడగానే పరిగెత్తి తీగ మీద బట్టలన్నీ తీసేసేదాన్ని. బొమ్మలో మా బనీన్లూ లంగాలూ పడితే పరువేం కాను అని. ఒక్కరోజు తప్పలా. ఎల్డన్ నవ్వేవాడు, 'పరిగెత్తు వర్నా, ప్రొఫెసర్ గొడుగు విప్పింది' అని." ఆమె సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "ఇక్కడ వేసవి మొత్తం మీద ఎండ ఎన్నాళ్లు కాస్తుంది చెప్పు? పాతిక రోజులు. మిగతాదంతా పొగమంచే. ఆ పాతిక రోజులే నువ్వు బయటికొచ్చేదానివి. తడిబట్టలే తీసి కుర్చీల మీద వేసేదాన్ని. ఎల్డన్ తడిచొక్కాతోనే బురదలోకి పోయేవాడు."

ఆమె గుమ్మం దిగింది.

"ముందే చెప్పుంటే ఆరనిచ్చేదాన్ని కదా, డియర్."